కొత్త లోహానికి పాత రూపు: విశాఖ ఉప్పుగాలిలో ఏ పద్ధతి ఎక్కడ నిలుస్తుంది

విశాఖపట్నంలో కొత్త ఇనుముకు తుప్పు పట్టించడం ఎలా అని అడిగితే వెల్డింగ్ షాపు మేస్త్రీలకు నవ్వు వస్తుంది. రెడ్ ఆక్సైడ్ అడుగుపూత (ప్రైమరు) పూయని ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఉక్కు) రేకును వానాకాలంలో డాబా మీద వదిలేస్తే, వారం తిరక్కుండానే సముద్రపు గాలి ఆ పనిని ఉచితంగా చేసిపెడుతుంది. అయినా ఇంటి ముందు పేరుపలకకో, కాఫీ షాపు గోడకో, బాల్కనీ రెయిలింగుకో, మొక్కల తొట్టెలకో ఎండకు ఎండి వానకు నానిన ఆ ముదురు నారింజ, గోధుమ రంగుల రూపు కావాలని డబ్బు పెట్టి మరీ చేయించుకునేవారు ఉన్నారు, వారిలో నేనూ ఒకడిని. మనం చూసి ముచ్చటపడే ఫొటోలలో చాలావరకు సముద్రానికి దూరంగా, పొడిగాలి వీచే ఊళ్లలో తీసినవి. అక్కడివారి తంటా తుప్పును రప్పించడం దగ్గర ఉంటుంది. మన తంటా అంతా వచ్చిన తుప్పును కోరుకున్న చోట ఆపడం దగ్గర ఉంది. అందుచేత ఈ పద్ధతులను పోల్చేటప్పుడు ఏది అందంగా వస్తుందన్నదానికంటే ఏది మన గాలిలో ఆగుతుందన్నదానినే నేను ముందు చూస్తాను.

ఈ మాటకు లెక్క కూడా ఉంది. వాతావరణం లోహాన్ని తినే వేగాన్ని తరగతులుగా విభజించే ఐఎస్ఓ 9223 ప్రమాణం ప్రకారం, పూత లేని మామూలు ఉక్కు ఓ మోస్తరు వాతావరణమైన సీ3 తరగతిలో మొదటి ఏడాది 25 నుంచి 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం కోల్పోతుంది. ఉప్పు బాగా ఉండే తీరప్రాంతాలు చేరే సీ5 తరగతిలో అదే నష్టం 80 నుంచి 200 మైక్రాన్లు. అలంకరణ పనులకు మన షాపులలో ఎక్కువగా వాడే 18 గేజి రేకు మందం దాదాపు 1.2 మిల్లీమీటర్లు, అంటే 1200 మైక్రాన్లు. బీచ్ రోడ్డుకు ఎదురుగా ఆ రేకును రెండు వైపులా వట్టిగా వదిలి, ముఖానికి ఏడాదికి నూరు మైక్రాన్ల చొప్పున పోతుందనుకుంటే ఆరేళ్లలో కాగితం మీద ఏమీ మిగలదు. నిజానికి చిల్లులు అంతకు చాలా ముందే పడతాయి. అదే రేకు ద్వారకానగర్‌లో ఏసీ నడిచే గది గోడకు ఉంటే మన జీవితకాలం కదలకుండా ఉంటుంది. ఒకే రేకు, ఒకే పద్ధతి, కొద్ది కిలోమీటర్ల తేడా.

ఏ లోహమో ముందు తేల్చుకోవాలి

షాపులో పడి ఉన్న రేకులన్నీ చూడటానికి ఒకలాగే ఉంటాయి కనుక పని మొదలుపెట్టే ముందు అది ఎంఎస్సా, జీఐయా (జింకు పూసిన ఇనుము), ఎస్‌ఎస్సా (స్టెయిన్‌లెస్ స్టీల్), అల్యూమినియమా అన్నది నిర్ధారించుకోవాలి. అయస్కాంతం అతుక్కుంటే చాలావరకు ఎంఎస్ గానీ జీఐ గానీ అయి ఉంటుంది, కొన్ని రకాల ఎస్‌ఎస్‌కూ అతుక్కుంటుంది. జీఐ మీద పువ్వులు విచ్చుకున్నట్లు మెరిసే మచ్చలు తరచుగా కనిపిస్తాయి, కనిపించకపోతే ఒక మూల గరుకు కాగితంతో రుద్ది ఒక చుక్క ఉప్పునీరు పెట్టి రాత్రంతా వదిలితే ఎంఎస్ తెల్లారేసరికి ఎర్రబడుతుంది, జీఐ తెల్లగా పొడిబారుతుంది. తెలుగులో ఇనుముకు పట్టేది తుప్పు, రాగికీ ఇత్తడికీ పట్టేది చిలుము. లోహాన్ని బట్టి పేరే మారిపోయే ఈ తేడాను మనవాళ్లు ఎప్పుడో గుర్తించారు గానీ, అంతర్జాలంలో ఒకే ద్రావణాన్ని అన్నిటికీ చల్లమనే సలహాలు మాత్రం ఆగడం లేదు. ఇనుముకు పనికొచ్చే మందు జీఐ మీద తెల్లటి బూజులాంటి పొరను మాత్రమే తెస్తుంది. ఎస్‌ఎస్ మీద అది ఏమీ చేయనట్లే కనిపించి లోపల సూదిపోట్ల వంటి గుంతలను తవ్వుతుంది. అల్యూమినియానికి ఎర్రతుప్పు పట్టే ప్రశ్నే లేదు. కనుక ఎస్‌ఎస్, అల్యూమినియం ఉన్నవారు రసాయనాల భాగాన్ని వదిలేసి నేరుగా రంగుల భాగానికి వెళ్లవచ్చు.

అసలు తుప్పు: పెరాక్సైడ్, వెనిగర్, ఉప్పు

ఎంఎస్ మీద నిజమైన తుప్పు కావాలనుకునేవారికి ఇంట్లో చేసుకోదగిన పద్ధతి ఇదే. దీనికి కావలసినవి మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్, కిరాణా కొట్టు వెనిగర్, వంటింటి ఉప్పు. మూడు శాతం బలం ఉన్న పెరాక్సైడ్ అరలీటరుకు అరవై మిల్లీలీటర్ల వెనిగర్, అర టేబుల్‌స్పూను ఉప్పు సరిపోతాయి. మన దగ్గర సీసాల మీద ఆరు శాతం అని ఉండటం మామూలే, అప్పుడు సమానంగా నీళ్లు కలిపి బలం తగ్గించుకోవాలి. వెనిగర్‌లోని ఆమ్లం లోహపు పైపొరను తొలుస్తుంది, పెరాక్సైడ్ ఆక్సిజన్‌ను అందిస్తుంది, ఉప్పు ఆ చర్యను పరుగెత్తిస్తుంది. ఈ మిశ్రమాన్ని అప్పటికప్పుడు కలిపి వాడేయాలి. మూత బిగించి దాచితే లోపల వాయువు చేరి సీసా పగలవచ్చు, పైగా నిలవ ఉన్న కొద్దీ కళ్లనూ ఊపిరితిత్తులనూ మండించే ఘాటైన ఆమ్లం తయారవుతుంది.

అయితే మందు చల్లడం కంటే ముందరి పని ముఖ్యం. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త రేకు మీద నూనె ఉంటుంది, వేడిగా రోలింగ్ చేసిన మందపు ప్లేటు మీదనైతే నీలినలుపు స్కేలు పొర కూడా గట్టిగా అంటుకుని ఉంటుంది. నూనెను థిన్నరుతో తుడవాలి, స్కేలును గ్రైండరుకు ఫ్లాప్ డిస్క్ తగిలించి తీసేయాలి లేదా ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టి వైర్ బ్రష్‌తో రుద్దాలి. ఈ పొర అక్కడక్కడ మిగిలిపోతే తుప్పు చిరుతపులి మచ్చలలాగా వస్తుంది. కొందరికి ఆ మచ్చలే నచ్చుతాయి, అది వేరే సంగతి. శుభ్రం చేసిన రేకును ఎండలో పెట్టి చేయి పెడితే వెచ్చగా తగిలేదాకా ఉంచి, ముందు వట్టి వెనిగర్‌ను రెండు మూడుసార్లు చల్లి ఆరనిచ్చి, ఆ తరువాత మిశ్రమాన్ని పిచికారీ చేయాలి. మొదటి తుంపర పడగానే సన్నగా బుసబుసమని నురుగు లేస్తుంది, ఆ నురుగు పసుపుగా, పసుపు నుంచి నారింజగా మారడం కళ్లముందే జరుగుతుంది, చేతులకు పాత తాళంచెవుల గుత్తి పట్టుకున్నప్పటి వాసన అంటుతుంది. పది నిమిషాలలో చేతికందే ఈ ఫలితం వల్లనే ఈ పద్ధతికి అంత ఆకర్షణ. అయిదారు తడవలు చల్లి ఆరబెడితే రంగు చిక్కబడుతుంది.

బాత్రూములు కడిగే యాసిడ్‌తో దీన్నే ఇంకా త్వరగా చేయవచ్చని షాపులలో చెబుతారు. త్వరగా అవుతుంది, నిజమే. కానీ ఆ ఆవిరి చుట్టుపక్కల గ్రైండర్లకూ డ్రిల్ బిట్లకూ కూడా తుప్పు పట్టిస్తుంది, ఊపిరికి మంచిది కాదు, పొరపాటున బ్లీచింగ్ పౌడరు ఉన్న చోట పడితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. కడిగిన తరువాత కూడా గీతలలో, వెల్డింగ్ అతుకులలో దాగి ఉండే క్లోరైడ్ మరో ఆరునెలలకు పూత కింద నుంచి పనిచేయడం మొదలుపెడుతుంది. ఇంటి పనికి నేను దీనిని సిఫారసు చేయను.

ఆపడం అనే అసలు పరీక్ష

సాగర్‌నగర్‌లో మా ఇంటి పేరుపలకను జూన్ నెలలో చేయించాను. తుప్పు అద్భుతంగా వచ్చింది. అదే రోజు సాయంత్రం దాని మీద నిగనిగలాడే లక్కరు కొట్టి, ఇక పదేళ్లు చూసుకోనక్కరలేదని చేసినాయన చెప్పాడు. దసరా నాటికి అక్షరాల అంచుల దగ్గర లక్కరు పెసరగింజంత బుడగలుగా లేచింది, గోటితో నొక్కితే పటుక్కున పగిలి లోపలి నుంచి తడిసిన తుప్పు పొడి రాలింది. దీపావళికి పలక కింద మీగడ రంగు గోడ మీద మూరెడు పొడవున నారింజ చారలు దిగాయి. మెట్ల గ్రానైటు మీది మరకను ఆగ్జాలిక్ ఆమ్లంతో పోగొట్టగలిగాను గానీ గోడకు మళ్లీ రంగు వేయించక తప్పలేదు.

జరిగిన పొరపాట్లు మూడు అని తరువాత అర్థమైంది. మొదటిది, ఉప్పును కడగలేదు. మందులోని ఉప్పు తుప్పు రంధ్రాలలో మిగిలిపోతే గాలిలోని తేమను అదే పీల్చుకుంటుంది, పైన ఎంత మంచి క్లియర్ (రంగులేని పారదర్శక పూత) కొట్టినా కింద పని సాగుతూనే ఉంటుంది, తుప్పు తాను తిన్న ఇనుముకంటే రెట్టింపుకు మించిన చోటు ఆక్రమిస్తుంది కనుక పూతను పైకి నెడుతుంది. రెండవది, కడిగినా బోరు నీటితో కడిగేవాళ్లం. తీరం దగ్గరి కాలనీల బోర్లలో కొన్నిటి నీరు నోట్లో పోసుకుంటేనే ఉప్పగా ఉంటుంది. తాగే నీటితో మూడు నాలుగుసార్లు కడిగి, చివరిసారి వంటసోడా కలిపిన నీటితో రుద్ది, మళ్లీ మంచినీటితో కడగాలి. మూడవది, జూన్ సాయంత్రం. గాలి తడిగా ఉన్నప్పుడు తుప్పు స్పాంజిలాగా తేమను పట్టి ఉంచుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు పొడి ఎండ ఉన్న రోజు చూసి, ఒక పగలంతా ఆరబెట్టి, పొడిగుడ్డతో రుద్దినప్పుడు చేతికి రంగు అంటనంతవరకు వదులు తుప్పును తీసేసి, మధ్యాహ్నంలోపు పూత వేయించాలి.

పూతలలో ఏది మేలంటే, ఆరుబయట పనికి బేసు, హార్డెనరు కలిపి వాడే మ్యాట్ పీయూ (పాలియురెథేన్) క్లియర్‌ను మించినది మామూలు షాపులలో దొరకదు, కనీసం మూడు పొరలు కావాలి, స్ప్రే గన్‌తో కొట్టే మనిషి తగిన మాస్కు తప్పక పెట్టుకోవాలి. మామూలు లక్కరు గదిలోపలి వస్తువులకు చాలు. మైనం పూత చూపుకు అన్నిటికంటే సహజంగా ఉంటుంది గానీ ఎండకు మెత్తబడుతుంది. అవిసె నూనె బాగుంటుంది, ఏడాదికోసారి మళ్లీ రుద్దుకునే ఓపిక ఉన్నవారికే అది తగినది. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి మూలకు విసిరేస్తే వాటంతటవే వేడెక్కి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది కనుక నీటిలో తడిపి విప్పి ఆరవేయాలి. ఏ పూత వేసినా తుప్పు రంగు ఒకటి రెండు ఛాయలు ముదురుతుంది. నారింజగా ఉండగా చూసి మురిసిపోయినది పూత పడగానే కాఫీ డికాక్షన్ రంగుకు తిరిగితే పెయింటరును తప్పుపట్టకూడదు.

ఎరుపు వద్దు, నలుపు చాలనుకుంటే

పాతరూపు అనగానే అందరూ ఎర్రతుప్పునే తలచుకుంటారు గానీ, పల్లెటూరి కమ్మరి కొలిమి నుంచి వచ్చిన గొలుసు, గడియ, పార నల్లగా ఉంటాయి. నా అభిప్రాయంలో మన ఇళ్లకు ఎరుపు కంటే ఈ నలుపే ఎక్కువ నప్పుతుంది, పైగా చేతికీ బట్టలకూ అంటదు. దీనికి రెండు దారులు ఉన్నాయి.

మొదటిది దోసె పెనాన్ని మాగబెట్టే పద్ధతే. శుభ్రం చేసిన ఎంఎస్ ముక్కను గ్యాస్ టార్చితో వేడిచేస్తే రెండు వందల డిగ్రీలు దాటాక లేత గడ్డి రంగు, మూడు వందల దగ్గర నీలం కనిపిస్తాయి, అప్పుడు నూనె గుడ్డతో పలుచగా తుడిస్తే పొగ లేచి నూనె కాలి నల్లటి పొరగా అతుక్కుంటుంది. మూడు నాలుగుసార్లు ఇలా చేస్తే వచ్చే నలుపులో లోతు ఉంటుంది, రంగు డబ్బాతో అది రాదు. తలుపు గడియలు, బట్టలు తగిలించే కొక్కేలు, దీపాల స్టాండ్ల వంటి చిన్న వస్తువులకు ఇదే నా మొదటి ఎంపిక. పెద్ద పలుచటి రేకులు మాత్రం వేడికి వంకర తిరుగుతాయి. జీఐ ముక్కను ఎప్పుడూ ఇలా కాల్చకూడదు. జింకు పొగ పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం వచ్చినట్లు ఒళ్లు వణికిస్తుంది, ఆ అనుభవం ఉన్న వెల్డర్లు తక్కువేమీ కాదు.

రెండవది కరక్కాయ. శ్రీకాళహస్తి, పెడన కలంకారీ పనివారు కరక్కాయ పట్టించిన బట్ట మీద బెల్లంలో ఊరబెట్టిన తుప్పు ఇనుము రసంతో గీసినా అచ్చు వేసినా ఆ చోటు నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి నీలినలుపు పదార్థంగా గడ్డకట్టడమే దీనికి కారణం, తుప్పును మార్చే మందులుగా డబ్బాలలో అమ్మే వాటిలో చాలావాటి వెనుక ఉన్నదీ ఈ సూత్రమే. వంద గ్రాముల కరక్కాయ పెచ్చులను లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి మరిగించి వడకట్టిన కషాయాన్ని, పైన చెప్పినట్లు తుప్పు పట్టించి కడిగిన రేకు మీద బ్రష్‌తో పూస్తే నారింజ రంగు చూస్తుండగానే ముదురు ఊదాగా, తరువాత నలుపుగా మారుతుంది. అక్కడక్కడ పూయకుండా వదిలితే నలుపులోంచి ఎరుపు తొంగిచూస్తుంది, ఆ కలయిక వట్టి తుప్పుకంటే ఎంతో అందంగా ఉంటుంది. ఇలా మారిన పొర వదులు తుప్పుకంటే స్థిరంగా ఉంటుంది, అయినా ఆరుబయట క్లియర్ పూత తప్పదు.

జీఐ విషయం

జీఐ మీద ఎర్రతుప్పు కోసం యాసిడ్‌తో జింకును ఊడదీసేవారు ఉన్నారు. డబ్బు పెట్టి కొన్న రక్షణను డబ్బు పెట్టి కడిగేయడం నాకు మింగుడుపడదు, ఎంఎస్సే కొంటే చౌక. జింకును ఉంచి దాని మెరుపును మాత్రం చంపాలనుకుంటే వెనిగర్ పూసి ఆరబెడితే పాత బకెట్టు మసక బూడిదరంగు వస్తుంది, పలుచటి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ద్రావణం పూస్తే బొగ్గులాంటి నలుపు వస్తుంది. ఇదే మైలుతుత్తం ఎంఎస్ మీద పూస్తే రాగి ఎరుపు వస్తుందన్నది గమనించదగినది. జీఐ మీద ఈ రెండింటిలో ఏది చేసినా చివర కడిగి క్లియర్ వేయాలి.

ఇక్కడ ఒక భ్రమను తొలగించాలి. జీఐ అంటే తుప్పు రాదని మనం అనుకుంటాం. షాపులలో సాధారణంగా దొరికే 120 జీఎస్ఎం (చదరపు మీటరుకు రెండు ముఖాలకూ కలిపి 120 గ్రాముల జింకు) రేకు మీద జింకు ఒక్కో ముఖానికి దాదాపు ఎనిమిదిన్నర మైక్రాన్లే ఉంటుంది. సీ5 తరగతి గాలి జింకును మొదటి ఏడాది నాలుగు నుంచి ఎనిమిది మైక్రాన్లకు పైగా తింటుంది కాబట్టి, సముద్రానికి ఎదురుగా ఆ కవచం ఒకటి రెండేళ్ల మాట. వస్తువును వెల్డింగ్ అంతా పూర్తయ్యాక కరిగిన జింకులో ముంచి తీసే హాట్‌డిప్ పూతలో మూడు మిల్లీమీటర్లు దాటిన ఉక్కు మీద జింకు సగటున కనీసం 70 మైక్రాన్లు నిలుస్తుంది. తీరం మీద పెట్టే గేటుకో రెయిలింగుకో ఖర్చు చేయదలిస్తే ఇక్కడే చేయాలి.

రంగుతో తెచ్చే తుప్పు

రంగుతో వేసిన తుప్పును నకిలీ అని చిన్నచూపు చూసేవారిలో నేనూ ఉండేవాణ్ని. పేరుపలక అనుభవం తరువాత మారాను. నౌకాదళంలో సేవ ముగించుకుని 2002 నుంచి బీచ్ ఒడ్డున ప్రదర్శనశాలగా నిలిచిన ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామిని చూసినప్పుడల్లా అనుకుంటాను, ఈ తీరంలో ఉక్కుకు, ఉప్పుకు మధ్య పూత అడ్డుండాల్సిందే. ఆ పూత రంగు నలుపైనా తుప్పు రంగైనా రక్షణ ఒకటే.

పైగా రంగు సరిగ్గా ఎంచుకుంటే అది పూర్తిగా నకిలీ కూడా కాదు. ఎర్ర గచ్చు ఫ్లోరింగు కోసం హార్డ్‌వేర్ కొట్లలో అమ్మే ఎరుపు, పసుపు, గోధుమ, నలుపు ఆక్సైడ్ పొడులు ఇనుము ఆక్సైడ్లే, అంటే రసాయనపరంగా తుప్పుకు దగ్గరి చుట్టాలే. అందుకే అవి ఎండకు వెలవవు. మెరిసే నారింజ రంగు డబ్బాలలో వాడే ఇతర రంగులు మన ఎండకు రెండు వేసవులలో పాలిపోవచ్చు కనుక, పెయింటరుకు ఆక్సైడ్ రంగులనే వాడమని స్పష్టంగా చెప్పాలి.

పద్ధతి ఇలా ఉంటుంది. ఎపాక్సీ ప్రైమరు (గట్టిగా అతుక్కునే అడుగుపూత) రెండు పొరలు వేసి, దాని మీద ముదురు గోధుమ రంగు మ్యాట్ పొర వేసి, అది తడిగా ఉండగానే జల్లించిన సన్న ఇసుక గానీ దాల్చినచెక్క పొడి గానీ అక్కడక్కడ చల్లాలి. ఆరాక స్పాంజి ముక్కతో ఎరుపు, దాని మీద తక్కువగా పసుపు, అంతకంటే తక్కువగా నారింజ అద్దుకుంటూ పోవాలి, చివరగా మ్యాట్ క్లియర్ వేయాలి. మంచి పనికీ నాసి పనికీ తేడా రంగులలో కాదు, వాటిని పెట్టిన చోటులో తెలుస్తుంది. నిజమైన తుప్పు నీరు నిలిచే చోట, బోల్టు కింద, అతుకు అంచున ముదురుగా ఉండి, అక్కడి నుంచి కిందికి జారుతుంది. మన పెయింటర్లు అలవాటుకొద్దీ రేకంతటా సమానంగా అద్దుతారు, అప్పుడది తుప్పులాగా కాకుండా చీర డిజైనులాగా కనిపిస్తుంది. పని మొదలుపెట్టే ముందు పెయింటరును ఏదైనా పాత ఇనుప సామాను కొట్టుకు తీసుకెళ్లి పది నిమిషాలు చూపించడం నేను కనుగొన్న ఉత్తమ శిక్షణ.

జీఐ మీద రంగు వేసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మామూలు రెడ్ ఆక్సైడ్‌ను, సింథటిక్ ఎనామెల్‌ను నేరుగా జీఐ మీద వేస్తే నూనె ఆధారిత రంగు జింకుతో కలిసి సబ్బుగా మారి ఏడాదిలోపు పెచ్చులుగా ఊడిపోతుంది. జింకును కొద్దిగా తొలిచి పట్టుకునే ఎచ్ ప్రైమరు గానీ ఎపాక్సీ గానీ ముందు ఉండాలి.

పాత గోడల మీద రంగు పొరలు రాలి కింది రంగు బయటపడిన రూపు కావాలంటే, కింది రంగు ఆరాక అంచుల మీదా మూలల మీదా కొవ్వొత్తి రుద్ది, పై రంగు వేసి, ఆరాక గరుకు కాగితంతో తేలిగ్గా తీస్తే మైనం ఉన్న చోట్ల రంగు లేచిపోతుంది. చౌక, సులభం, అల్యూమినియం కుర్చీలకూ పనిచేస్తుంది. తుప్పు రంగు పౌడర్ కోటింగ్ కూడా దొరుకుతుంది. అది గట్టిదే గానీ ప్రతి రెయిలింగూ ఒకే ముఖంతో ఉంటుంది.

ఇనుప పొడి కలిసిన రంగు అసలు తుప్పుకూ రంగు తుప్పుకూ మధ్యస్థం. దానిని పూసి, ఆరాక మందు చల్లితే ఆ పొరకు మాత్రమే నిజమైన తుప్పు పడుతుంది, ప్రైమరు కింద ఉన్న లోహం క్షేమంగా ఉంటుంది. చెక్క, సిమెంటు, పీవీసీ పైపు మీదా వేయవచ్చు. ఖరీదు ఎక్కువ, తెప్పించుకోవలసి వస్తుంది, పైన క్లియర్ కూడా కావాలి. హోటళ్ల లోపలి గోడలకు ఖర్చు దండగ కాదు.

కార్‌టెన్ కొంటే సరిపోదా?

తుప్పునే కవచంగా మార్చుకునే ఉక్కు ఉంది కదా అని ఆర్కిటెక్టులు తరచుగా సూచిస్తారు. రాగి, క్రోమియం, భాస్వరం వంటివి కొద్దిగా కలిపిన ఈ ఉక్కును 1930లలో అమెరికాలోని యూఎస్ స్టీల్ సంస్థ కార్‌టెన్ పేరుతో తెచ్చింది. మన దేశంలో సెయిల్ సంస్థ సెయిల్‌కార్ పేరుతో ఇటువంటిదే తయారుచేస్తుంది, రైలు వ్యాగన్లలో ఈ రకపు ఉక్కు వాడకం ఉంది. పదహారు వందల ఏళ్ల ఢిల్లీ ఇనుప స్తంభాన్ని కాపాడుతున్న పొరలోనూ భాస్వరానిదే ముఖ్యపాత్ర. కానీ ఆ కవచం గట్టిపడాలంటే తడవడం, పూర్తిగా ఆరడం మార్చిమార్చి జరగాలి, గాలిలో ఉప్పు ఉండకూడదు. హవాయిలోని హోనొలులులో 1975లో తెరిచిన అలోహా స్టేడియాన్ని ఈ నమ్మకంతోనే కట్టారు. సముద్రపు గాలికి తుప్పు ఆగకుండా సాగి మరమ్మతులకు, పూతలకు చాలా ఖర్చు పెట్టవలసి వచ్చింది. మన ఊరి గాలికి దగ్గరి ఉదాహరణ అదే. పెందుర్తి వైపో, అనకాపల్లి వైపో ఉన్న తోటకు కార్‌టెన్ ఆలోచించవచ్చు. రుషికొండ, భీమిలి తీరానికి వద్దని నా గట్టి సలహా.

ఇత్తడి, రాగి

శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి సామాను కొత్తగా కొన్నప్పుడు బంగారంలా మెరుస్తుంది. తరతరాలుగా చింతపండు పెట్టి తోమి చిలుమును వదిలించిన ఇళ్లలోనే ఇప్పుడు చిలుము పట్టించడం ఎలా అన్న ప్రశ్న వినిపించడం నాకు వింతగా ఉంటుంది. పద్ధతి సులువే. నూనె జిడ్డు పూర్తిగా తీసిన వస్తువును మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో ఎత్తు మీద పెట్టి, ఉప్పునీటి తుంపర చల్లి, అడుగున చిన్న గిన్నెలో అమోనియా ఉంచి మూసేస్తే ఒకటి రెండు రోజులలో నీలి ఆకుపచ్చ వస్తుంది. ఆరుబయటే చేయాలి, బ్లీచ్ దరిదాపులలో ఉండకూడదు. గోధుమ రంగు చాలనుకునేవారు ఉడికించిన కోడిగుడ్లను చిదిమి అదే డబ్బాలో వస్తువుతో పాటు ఒక పూట మూసిపెడితే గంధకం ఆవిరి పని చేస్తుంది. రాగి చిలుము ఇనుము తుప్పులాగా లోపలికి తినుకుంటూ పోదు. 1886లో నిలిపిన న్యూయార్క్ స్వేచ్ఛా ప్రతిమ రాగి రేకు మందం రెండున్నర మిల్లీమీటర్లయినా లేదు, హార్బరు గాలిలో పచ్చబడి నేటికీ నిలిచి ఉంది. కనుక సముద్రం వైపు బాల్కనీలో నిజమైన పాతరూపే కావాలని పట్టుబట్టేవారికి నేను చూపేది రాగి, ఇత్తడి. వంట పాత్రలకు, తీర్థం పట్టే చెంబులకు మాత్రం ఈ ప్రయోగం చేయకూడదు, చిలుము విషం.

ఎవరికి ఏది

బీచ్ రోడ్డు, లాసన్స్ బే, సాగర్‌నగర్, రుషికొండలలో ఆరుబయట పెట్టేదేదైనా హాట్‌డిప్ జీఐ లేదా అల్యూమినియం మీద రంగుతో తెచ్చిన తుప్పే కావాలి. నిజమైన తుప్పు అక్కడ ఏడాదికోసారి బాగుచేసుకునే ముచ్చట ఉన్నవారికే. ఎంవీపీ కాలనీ, అక్కయ్యపాలెం వంటి చోట్ల నీడపట్టున, వాన నేరుగా తగలని వరండాలలో ఎంఎస్ మీద కరక్కాయ నలుపు, పీయూ క్లియర్ సరిపోతాయి. రేకు రెండు మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోవాలి. ఎనిమిదికి నాలుగు అడుగుల రేకు ఆ మందంలో దాదాపు 47 కిలోలు తూగుతుంది కనుక గోడ బోల్టులను ముందే లెక్క వేయించాలి. గదుల లోపలి గోడలకు 18 గేజి రేకు మీద పెరాక్సైడ్ తుప్పు, మ్యాట్ క్లియర్ నిశ్చింతగా వేయించవచ్చు. చేతులు, చీర కొంగులు, పిల్లల వీపులు తగిలే రెయిలింగులకూ కుర్చీలకూ ఎంత పూత ఉన్నా నిజమైన తుప్పు వద్దు. మొక్కల తొట్టెలకు బయట ఏ రూపు ఇచ్చినా లోపల తడిమట్టి తగిలే ముఖానికి ఎపాక్సీ వేసి, అడుగున కాళ్లు పెట్టి నేల నుంచి రెండు అంగుళాలు లేపాలి.

ఆర్డరు ఇచ్చే ముందు ఆటోనగర్‌లోనైనా ఇంటి పక్క షాపులోనైనా, వాడబోయే రేకులోంచే జానెడు ముక్క కోయించి, అనుకున్న పద్ధతంతా దాని మీద చేయించి, అది ఉండబోయే చోటనే ఒక నెల వేలాడదీయాలి, వానాకాలమైతే మరీ మంచిది. దాని కింద ఒక తెల్లటి టైలు ముక్క పెట్టాలి. నెల తరువాత టైలు మీద ఒక్క నారింజ చుక్క కనిపించినా ఆ పూత పనికిరాదు, షాపుకు తిరిగి వెళ్లాలి.